కింది స్క్రూ

మా దుకాణం వీధికి మూడు మెట్లు కిందుగా ఉంటుంది. ముందు గదిలో పనిబల్ల, వెనక గదిలో తాతయ్య మంచం, పక్కన చిన్న వంటగది. అదే ఇల్లు, అదే దుకాణం. ముందు గదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ పైకప్పుకి జానెడు కింద. అందులోంచి మనుషులు కనపడరు, కాళ్ళు కనపడతాయి. మిగతా గోడల వెనక ఉన్నది మట్టి. పని లేనప్పుడు ఆ కాళ్ళని లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు.

అలవాటు అని నేనంటాను, జబ్బు అని అమ్మ అంటుంది. మెట్లు, ముద్దలు, ఆవలింతలు, ఏవైనా సరే, నా నాలుక మీద అంకె ఆడుతూనే ఉంటుంది. తాతయ్య నన్ను పేరు పెట్టి పిలిచింది నాకు గుర్తులేదు. ఎప్పుడూ “ఎక్కాలమ్మా” అనే.

తాతయ్య నలభై ఒక్క ఏళ్ళు ఆ బల్ల మీద తుపాకులు బాగుచేశాడు. బ్యాంకు కాపలావాళ్ళవి, పోటీల్లో గురి చూసేవాళ్ళవి, గోడకి తగిలించుకుని మురిసిపోయేవాళ్ళవి. రెండేళ్ళ కింద గొంతుకి ఆపరేషన్ అయింది. గొంతు పోయి గుసగుస మిగిలింది. ఆ తర్వాత చేతులకి వణుకు వచ్చింది, నడుం పట్టేసింది. గుసగుస ముందు గదిలోకి వినపడదు కదా, అందుకని మంచం ఇనపకడ్డీ మీద చెంచాతో కొట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి కొడితే నీళ్ళు. రెండు కొడితే పక్కకి తిప్పాలి. మూడు కొడితే రావాలి. అంతకు మించి అవసరం పడలేదు.

చేతులు వణికేవాడికి ఆయుధాలు బాగుచేసే లైసెన్సు మళ్ళీ ఇవ్వరు. నా పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టాను. తొమ్మిదో ఏట నుంచి ఆ బల్ల దగ్గర ఉన్నాను, ఇప్పుడు ఇరవై మూడు. తాతయ్య చెప్పింది సగం, పాత పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకుంది సగం. లైసెన్సు రాకపోతే ఆ నెలాఖరుకి షట్టరు దించెయ్యాలి. పై అంతస్తు యజమాని అట్టపెట్టెలు పెట్టుకోవడానికి అప్పుడే టేపు తెచ్చి గోడలు కొలుచుకుని వెళ్ళాడు. బల్ల లేకుండా తాతయ్య ఎన్నాళ్ళుంటాడో నేను లెక్క వెయ్యలేదు. నేను వెయ్యని లెక్క అదొక్కటే. “ఆకురాయి గీకే చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదే” అంటాడు ఆయన. మంచం ఆ గదిలో వేసిందే అందుకు.

ఆ రోజు పొద్దున పదింటికి తనిఖీ అధికారి మెట్లు దిగి వచ్చాడు. చేతిలో గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి కట్ట. నన్ను చూసి, నా వెనక్కి చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

“మెకానిక్ ఎవరమ్మా?”

“నేనే సార్.”

“దరఖాస్తు చూసి మగపిల్లాడనుకున్నాను.”

“అక్షరాలు గుండ్రంగా లేవనా సార్?”

ఆయన నవ్వాపుకుని కట్ట విప్పాడు. పాత రైఫిల్. చెక్క నల్లబడి, చేతులు పట్టిన చోట నున్నగా అరిగి ఉంది. తూటా పేల్చే బోల్టు ఆయన తన దగ్గరే పెట్టుకున్నాడు కాబట్టి అది కర్రతో సమానం. అయినా గొట్టంలోకి దీపం వేసి చూశాను. ఖాళీగా ఉంది.

“ప్రదర్శనశాలకి వెళ్ళాల్సింది,” అన్నాడు. “వెనక రేకు లోపలి వైపు నంబరు ఉంటుంది. అది రికార్డులోకి ఎక్కాలి. రేకుకి రెండు స్క్రూలు. పైది వస్తుంది, కిందిది రాదు. ముగ్గురు చేతులెత్తేశారు. సాయంత్రం అయిదుకి వస్తాను. గాడి చెడకూడదు, చెక్క పెచ్చు లేవకూడదు, డ్రిల్లు పెట్టకూడదు. తీస్తే సంతకం పెడతాను.”

“తియ్యకపోతే?”

“మీ తాతగారంటే నాకు గౌరవం ఉంది,” అన్నాడు. అంటే ఏమిటో నాకు అర్థమైంది.

ఆయన బూట్లు కిటికీ దాటి వెళ్ళాక తాతయ్యకి చెప్పాను. కళ్ళు మెరిశాయి. “మొండివాడు రాజుకంటే బలవంతుడు. మొండి స్క్రూ ఇద్దరికంటే,” అని గుసగుసలాడాడు. “నూనె వెయ్యి. నానబెట్టు. కొట్టు. తిప్పు. తొందరపడకు. ఇంకోటి...”

“తెలుసు. బల్ల దగ్గర పైకి లెక్కపెట్టకూడదు.”

అది ఆయన మొదటి రోజు చెప్పిన నియమం. ఎందుకని అడిగితే ఎప్పుడూ నవ్వి మాట మార్చేవాడు. పద్నాలుగేళ్ళుగా నేను పెదాలు బిగించి లోపలే లెక్కపెట్టుకుంటున్నాను. అమ్మ ఆసుపత్రిలో పగటి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇంట్లో నేనూ తాతయ్యా. మధ్యలో తలుపు వేసి ఉంది.

రైఫిల్ని మెత్తటి తోలు ముక్కల మధ్య, బల్ల అంచునున్న ఇనప దవడల వైసులో బిగించాను. భుజానికి ఆనించుకునే వైపు, అరచేయంత ఇనపరేకు. తాతయ్య దాన్ని మడమ అంటాడు. మడమ వెనక చెక్కలో బోలు ఉంటుంది, వెనకటికి సైనికులు నూనెసీసా, గుడ్డపీలిక దాచుకునేవాళ్ళు. రేకు కింది మూల, చెక్క మీద ఒక అడ్డగాటు కనపడింది. ఎవరో కావాలని పెట్టినట్టు, వేలిగోరంత. పైన కూడా వెతికాను. అక్కడ లేదు.

పై స్క్రూ ఆరు చుట్లలో చేతిలోకి వచ్చేసింది.

కిందిది మాత్రం కదల్లేదు. ముగ్గురు పైపైన గీకి వదిలేసిన గాడి అడుగున నల్లటి నూనెముద్ద ఎండిపోయి ఉంది. తుప్పు కాదు, మురికి కాదు. ఎవరో పూడ్చినట్టుగా ఉంది. సూదితో అంతా తోడేశాను. గాడికి సరిగ్గా సరిపడేలా స్క్రూడ్రైవర్ మొన అరగదీశాను. తెల్ల పెన్సిలుతో స్క్రూ తల మీద ఒక గీత, రేకు మీద చుట్టూ ఎనిమిది గీతలు, గడియారం ముఖంలా. ఎంత కదిలినా తెలియాలి నాకు. రెండు చుక్కలు నూనె వేసి నలభై నిమిషాలు నానబెట్టాను.

పాత స్క్రూని ముందు జడిపించాలి. స్క్రూడ్రైవర్ని గాడిలో నిలబెట్టి, వెనక సుత్తితో మెల్లగా తట్టాలి. పట్టు సడలుతుంది.

“ఒకటి,” అన్నాను. “రెండు. మూడు.”

పైకే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అయిదింటి గడువు తలమీద ఉంది, ముందు గదిలో వినేవాళ్ళు లేరు, అలా వచ్చేసింది.

ఎడమకి మూడుసార్లు బలంగా తిప్పబోయాను. కదల్లేదు.

అప్పుడు వినపడింది. మెల్లగా, ఎక్కడో లోపలి నుంచి. టక్, టక్, టక్, టక్.

నాలుగు. సుత్తి పక్కన పెట్టి వెనక గదిలోకి వెళ్ళాను. తాతయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“నాలుగేంటి తాతయ్యా?”

“ఏం నాలుగు?”

“నాలుగు కొట్టావుగా.”

“నాకెందుకు నాలుగు? మూడు కొడితేనే నువ్వు పావుగంటకి గానీ రావు.” తల తిప్పి నన్ను చూశాడు. నవ్వు సగంలో ఆగింది. “పైకి లెక్కపెట్టావా?”

“లేదు,” అన్నాను.

అది మొదటి అబద్ధం.

తిరిగి వచ్చి చూస్తే స్క్రూ తల మీద తెల్లగీత కదిలి ఉంది. వెంట్రుకవాసి. నా గుండె ఎగిరింది. ముగ్గురు కదపలేనిది నేను కదిపాను. కానీ సరిగ్గా చూస్తే అది కుడివైపు కదిలింది. ఎడమకి తిప్పితే విడాలి, కుడికి తిప్పితే బిగియాలి. నేను తిప్పింది ఎడమకి.

చెయ్యి జారి ఉంటుందిలే అనుకున్నాను.

ఒంటిగంటకి వాన మొదలైంది. కిటికీలో కాళ్ళు పరుగులు తీశాయి, తర్వాత ఒక్కటీ లేవు. రెండింటికి కరెంటు పోయింది. ముందు గది బావిలా అయింది. మధ్యాహ్నమే గానీ, దీపం వెలిగిస్తే తప్ప నా చేతి వేళ్ళు నాకు కనపడలేదు. వానచప్పుడు నెత్తిమీద, మట్టివాసన గోడల్లోంచి. రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను. వేసే ఉంది. కుదురుగా కూర్చోలేకపోయాను. కాలు ఒకటే ఆడుతోంది.

ఇక వేడి పెట్టాలి. స్పిరిట్ దీపం మీద రాగికడ్డీ కాల్చి, దాని మొన స్క్రూ తల మీద తొంభై అంకెలు ఆనించాలి. ఇనుము వేడికి పొంగి, చల్లారి కుంచించుకుంటే పట్టు వదులుతుంది. తొంభై సరిగ్గా పడాలి. ఎక్కువైతే చెక్క మాడుతుంది. వానలో లోపల లెక్కపెడితే తప్పిపోతున్నాను. పైకే పెట్టాను.

అరవై దగ్గర కాలిన పాతనూనె వాసన వచ్చింది. అది మామూలే. ఎనభై దగ్గర ఇంకో వాసన వచ్చింది. చాలా రోజులు జ్వరంలో ఉన్నవాడు నోరు తెరిస్తే వస్తుందే... అది. కాసేపుండి పోయింది.

కడ్డీ తీసేశాను. సుత్తి తీసుకున్నాను. ఈసారి అయిదు తట్టాను.

చెక్క మీద నా ఎడమ అరచేయి ఆనించి ఉంది. జవాబు చెవికి రాకముందే అరచేతికి తెలిసింది.

టక్. టక్. టక్. టక్. టక్. టక్.

ఆరు.

వెనక గదిలోంచి కాదు. నా చేతికింది బోలులోంచి. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పురుగు అయి ఉంటుంది. వేడికి చెక్క చిట్లే చప్పుడు అయి ఉంటుంది. చెక్క చిట్లితే ఆరుసార్లు సమానంగా చిట్లుతుందా అని నా బుర్ర నన్నే అడిగింది.

భయం వేస్తే ఎవరైనా లేచిపోతారు. నేను లెక్క చూసుకున్నాను. నా జబ్బు అది. ఏడు తట్టాను. ఎనిమిది వచ్చింది. రెండు తట్టాను. మూడు. ఎప్పుడూ ఒకటి ఎక్కువ. ఎప్పుడూ చివరి మాట దానిదే.

అప్పుడు, చెయ్యకూడని పని ఒకటి చేశాను. సుత్తి కింద పెట్టాను. ఏమీ కొట్టకుండా, ఊపిరి కూడా ఆపి, ఊరికే ఉన్నాను.

వాన. దీపం చిటపట.

టక్.

సున్నాకి ఒకటి.

సరిగ్గా అప్పుడే వెనక గదిలో చెంచా మోగింది. కడ్డీ మీద, గట్టిగా, మూడు. ఆ చప్పుడు వేరు. ఇనుము ఇనుము మీద. దీపం పట్టుకుని పరుగెత్తాను.

తాతయ్య కళ్ళు పెద్దవి చేసుకుని ఉన్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు.

“వినపడుతోంది నాకు,” అన్నాడు. “నువ్వు కొట్టిందీ. తర్వాతదీ.”

“చెక్క చిట్లుతోంది తాతయ్యా. వేడి పెట్టాను.”

“నా చిన్నతనంలో... మా గురువు బల్ల మీదికి ఒకటి వచ్చింది. నేను నీలాగే. నోరు ఊరుకోదు. సుత్తిదెబ్బలు పైకి లెక్కపెట్టాను. అది తిరిగి లెక్కపెట్టింది.” ఊపిరి తీసుకున్నాడు. “గురువు నన్ను చెంపమీద ఒకటిచ్చి, స్క్రూ బిగించేసి, గాడి నూనెముద్దతో పూడ్చేశాడు. లెక్క వచ్చినదాన్ని విప్పకూడదురా అన్నాడు. అంతకంటే ఆయనకీ తెలియదు. చెక్క మీద గుర్తు పెట్టి పంపేశాడు.” నా మొహంలోకి చూశాడు. “మడమ కింద మూల... అడ్డగాటు ఉందా?”

గోడ మీద గడియారం కనపడుతోంది. మూడూ యాభై. గంటా పది నిమిషాలు ఉంది. యజమాని టేపు గుర్తొచ్చింది. ఈ మంచం ఎక్కడ వేస్తాం అన్నది గుర్తొచ్చింది.

“లేదు,” అన్నాను.

మణికట్టు వదిలేశాడు.

“అయితే విప్పు,” అన్నాడు. “అయినా... ముందు బిగించి, తర్వాత విప్పు. మొండివాడికి ఎదురు వెళ్ళకూడదు.”

బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. దీపం దగ్గరికి లాక్కున్నాను. పెన్సిలు గీతలు చూస్తూ స్క్రూడ్రైవర్ని గాడిలో పెట్టి, బరువంతా వేసి, ఎడమకి తిప్పాను. ఈసారి కదిలింది. ఒక గీత. నిజంగా ఒక గీత వచ్చింది. ఎగిరి గంతేద్దామనుకునేలోపు నా చేతిలో స్క్రూడ్రైవర్ తనంతట తాను తిరిగింది.

కుడికి. ఒకటి... రెండు గీతలు.

నేను బిగపట్టాను. ఆగలేదు. మొరటుగా ఏం లేదు. మెల్లగా, ఓపికగా, నేర్చుకుంటున్నవాడు తిప్పినట్టు.

వదిలేసి గోడకి ఆనుకున్నాను. ముగ్గురు మెకానిక్‌లు ఎందుకు చేతులెత్తేశారో తెలిసింది. వాళ్ళు ఎడమకి ఎంత తిప్పితే ఇది కుడికి అంతకంటే ఒకటి ఎక్కువ తిప్పింది. ఒకటి ఎక్కువ. తట్టినా అంతే, తిప్పినా అంతే. నేను చేసిందే చేస్తోంది. నన్ను ఆపాలని కాదు. నన్ను చూసి చేస్తోంది. కానీ నేను ఎడమకి తిప్పితే అది ఎడమకి కదా తిప్పాలి? కుడికెందుకు...

అప్పుడు వెలిగింది. వెలిగినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఒక తలుపుకి అటొకరు, ఇటొకరు ఎదురెదురుగా నిలబడి ఒకే స్క్రూని పట్టుకున్నారనుకోండి. అటువాడి ఎడమ నాకు కుడి. అది నన్నే అనుకరిస్తోంది. లోపలి వైపు నుంచి, నాకు ఎదురుగా, నా మొహానికి మొహం పెట్టి.

అంటే నేను బిగిస్తే, అది విప్పుతుంది.

ముందు బిగించు అన్నాడు తాతయ్య. ఆయన చెప్పింది వేరు. నాకు పనికొచ్చింది వేరు. స్క్రూడ్రైవర్ పెట్టి కుడికి ఒక గీత తిప్పాను. తీసేశాను. చూస్తూ ఉన్నాను.

తెల్లగీత కదిలింది. ఎడమకి. ఒకటి. రెండు.

లెక్క సులువు. నేను ఒకటి బిగిస్తే అది రెండు విప్పుతుంది. సారికి ఒక గీత లాభం. చుట్టుకి ఎనిమిది గీతలు, ఆరు చుట్లు, నలభై ఎనిమిది సార్లు. సారికి అర నిమిషం వేసుకున్నా ఇరవై నాలుగు నిమిషాలు. అయిదుకి ముందే అయిపోతుంది.

ఒకటి. రెండు. మూడు. పైకే లెక్కపెట్టాను. ఇంక దాచేదేముంది? పన్నెండు దగ్గర స్క్రూ తల రేకు మీదినుంచి లేచింది. ఇరవై దగ్గర గోరు పట్టేంత సందు వచ్చింది. ఆ సందులోంచి ఆ జ్వరం వాసన. ఇరవై ఒకటో సారి నా చేతులు చెమటకి జారిపోతుంటే తుడుచుకుందామని ఆగాను.

అది ఆగలేదు.

నా చెయ్యి స్క్రూడ్రైవర్ మీద లేదు. స్క్రూ తిరుగుతోంది. గీత దాటి గీత... గీత దాటి గీత... తొందర లేదు, ఆలస్యం లేదు. పైకి లేస్తోంది. దీపం వెలుగులో దాని మరలు ఒక్కొక్కటీ నూనె కారుతూ బయటికొస్తున్నాయి. పారిపోదామని లేచాను. కానీ నేను చేసిందల్లా నోట్లో గుడ్డ కుక్కుకోవడం.

స్క్రూ ఒరిగింది. బల్ల మీద పడి రెండుసార్లు దొర్లి నా వైపు వచ్చి ఆగింది.

రేకు జారి కింద పడింది.

బోలు తెరుచుకుని ఉంది. వేలెడంత వెడల్పు, నల్లటి రంధ్రం. దీపం ఎత్తి చూశాను. ఏమీ లేదు. నూనెసీసా లేదు, గుడ్డపీలిక లేదు, పురుగు లేదు, దుమ్ము కూడా లేదు. లోపలి చెక్క నున్నగా, చేతులు పట్టినచోట అరిగినట్టు అరిగి ఉంది. వాసన పోయింది. కరెంటు వచ్చింది. కిటికీలో ఎవరివో రెండు కాళ్ళు గుంట దాటుకుంటూ వెళ్ళాయి.

స్క్రూని వేళ్ళతో ఎత్తాను. తల మీద గాడి, నేను పెట్టిన తెల్లగీత, చెక్కుచెదరలేదు. తిప్పి మొన చూశాను.

చెక్కలో దిగే స్క్రూకి మొన సూదిగా ఉంటుంది. దీనికి లేదు. మొన చదునుగా అరిగిపోయి ఉంది. ఆ చదును మధ్యలో ఇంకో గాడి. కొత్తది, తెల్లగా మెరుస్తూ. తలమీది గాడికి సరిగ్గా సమానంగా.

అయిదుకి రెండు నిమిషాలుండగా బూట్లు మెట్లు దిగాయి. అధికారి రేకు తిప్పి నంబరు రాసుకున్నాడు. భూతద్దం పెట్టి స్క్రూ తల చూశాడు, మొన చూడలేదు. మొన ఎవరు చూస్తారు?

“ఎలా తీశావమ్మాయ్?”

“ముందు బిగించాను సార్. తర్వాత అదే వచ్చింది.”

“పెద్దల పనితనం ఊరికే పోదు,” అన్నాడు తృప్తిగా. “మళ్ళీ బిగించి ఇచ్చెయ్యి.”

బిగించాను. వెన్నలో కత్తిలా దిగిపోయింది. తట్టి చూశాను, ఒకసారి. ఏ జవాబూ రాలేదు. ఖాళీ చెక్క చప్పుడే.

తాతయ్య అడిగాడు: “లోపల ఏముంది?”

“ఏం లేదు,” అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే నాకు నిద్ర పట్టలేదు.

తొమ్మిదో రోజు లైసెన్సు వచ్చింది. నా పేరు, ముద్ర, సంతకం. తాతయ్య దాన్ని గుండెమీద పెట్టుకుని మధ్యాహ్నమంతా పడుకున్నాడు. సాయంత్రం గాజుపలకలో పెట్టించి, బల్లకి ఎదురుగా ఎడమ గోడకి బిగించాను. కొత్త పాకెట్లోంచి రెండు స్క్రూలు, పైనొకటి, కిందొకటి. గాళ్ళు రెండూ నిలువుగా, పద్ధతిగా.

ఆ వారమే తాతయ్య విసుక్కోవడం మొదలుపెట్టాడు. “నీళ్ళు అడిగితే పక్కకి తిప్పుతావేంటే?”

“రెండు కొట్టావు కదా.”

“ఒకటే కొట్టాను. ఎక్కాలమ్మవి నీకే లెక్క తప్పితే ఎలా?”

ఆ తర్వాత ఆయన చెంచాని దిండు కింద దాచేశాడు. ఇప్పుడు నేనే పావుగంటకోసారి వెళ్ళి చూసి వస్తున్నాను.

చెంచా దాచిన మర్నాడు పొద్దున గాజుపలక కింది స్క్రూ గాడి నిలువుగా లేదు. ఎడమకి ఒక గీత తిరిగి ఉంది. గోడ వెనక మట్టి తప్ప ఏమీ లేదని చెప్పాను కదా. బిగించబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బిగిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని ఎడమకి ఇంకో గీత విప్పాను. వంటగదిలోకి వెళ్ళి ఆగి వచ్చేసరికి రెండు గీతలు బిగిసి, గాడి నిలువుగా ఉంది.

అప్పట్నుంచి అదే పని. రాత్రంతా నేనేం చెయ్యను, సున్నాకి ఒకటి, పొద్దునకి ఒక గీత ఊడుతుంది. నేను ఒకటి విప్పితే అది రెండు బిగిస్తుంది. లెక్క సరిపోతుంది. ఇరవై ఆరు రోజులు ఒక్క పూట తప్పలేదు. దుకాణం వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మ దాన్ని శ్రద్ధ అనుకుని చుట్టాలందరికీ చెప్పుకుంటోంది.

ఈ రోజు ఇరవై ఏడో రోజు. అమ్మ డ్యూటీకి వెళ్ళేముందు తాతయ్యని ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టింది, నా పని చూస్తాడని. వెనక గది ఖాళీ. స్క్రూడ్రైవర్ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాను. ఎప్పటిలాగే ఎడమకి ఒక గీత విప్పాను. పక్కకి తిరిగి, కాసేపు ఆగి, చూశాను.

బిగియలేదు.

ఇంకో గీత విప్పాను. ఎదురు తిరగలేదు. అదీ విప్పుతోంది, నాతోపాటు, నేను తిప్పినవైపే. నేర్చుకుంది. వదిలేద్దామనుకునేలోపే స్క్రూ నా అరచేతిలోకి ఊడిపడింది. పాకెట్లోంచి తీసినప్పుడు దాని మొన సూదిలా ఉంది. ఇప్పుడు చదునుగా ఉంది. మధ్యలో మెరుస్తున్న గాడి. గోడలో వేలెడంత నల్లటి రంధ్రం. దాంట్లోంచి ఆ వాసన.

వెనక గదిలో మంచం కడ్డీ మోగింది. చెంచాతో కొట్టినట్టు, మెల్లగా.

తాతయ్య నా వెనకే ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. నా చీర కొంగు పట్టుకుని లాగాడు.

“ఎక్కాలమ్మా,” అన్నాడు గుసగుసగా. “లెక్కపెట్టకు.”

అప్పటికే పెట్టేశాను.

మూడు.